ఓడకు గాలి ఎటు నుంచి

ఈమధ్య కొత్తగా ఉద్యోగంలో చేరిన ఒక క్రాఫ్ట్ మాస్టారు మా ఇంటికి వచ్చి, "సార్, ఇన్నేళ్లు బడిలో చెక్కపని నేర్పించారు కదా, మాలాంటి వాళ్లకు పనికొచ్చేవి నాలుగు ముక్కలు రాసివ్వండి" అని అడిగాడు. దానికేముంది, రాస్తానన్నాను. కాగితాలు ముందేసుకుని మూడు రోజులు కూర్చున్నాను. నాకు కచ్చితంగా తెలిసిన సంగతులు అర పేజీ దాటలేదు. ఉలికి ఎదురుగా రెండో చెయ్యి పెట్టకూడదు. పచ్చి చెక్కతో తలుపు చేయకూడదు. పిల్లల చేతికి రంపం ఇచ్చి మనం టీ తాగడానికి పోకూడదు. ఇంతే. మిగిలినదంతా నాకు అప్పుడూ అయోమయమే, ఇప్పుడూ అయోమయమే. అందుకని ఆ అయోమయం గురించే రాస్తున్నాను.

మా ఊరు ఆళ్లగడ్డ. మా వీధి చివర శిల్పులు రాతిలో దేవుళ్లను చెక్కుతుంటే, మా నాయన ఇటు చివర బండ్లు, తలుపులు, నాగళ్లు చేసేవాడు. ఆయన దగ్గర పని నేర్చుకుని, నాలుగు అక్షరాలు చదువుకుని, నంద్యాలలో ఒక హైస్కూల్లో క్రాఫ్ట్ మాస్టారుగా చేరాను. అక్కడే రిటైరయ్యాను. ప్రమోషన్ల సంగతి అడగొద్దు, క్రాఫ్ట్ మాస్టారుకు అవి ఉండవు.

తెరుచుకోని బీరువా

చేరిన మొదటి ఎండాకాలం సెలవుల్లో బడికి ఒక బీరువా చేయమన్నారు హెడ్మాస్టరు సుబ్బారెడ్డి సార్. మనిషి మంచివాడే కానీ ఆయన మాట పుండు మీద నిమ్మకాయ పిండినట్టు ఉండేది. మే నెల నంద్యాల ఎండకు చెక్క పెళపెళలాడుతోంది. రెండు తలుపుల మధ్య వెంట్రుక కూడా దూరకుండా బిగించాను. చూసినవాళ్లంతా ఇనప బీరువాలా ఉందన్నారు. నేను ఉబ్బితబ్బిబ్బయ్యాను.

వానలు పడ్డాక నా బదులు బీరువా ఉబ్బింది. క్వార్టర్లీ పరీక్ష రోజున ప్రశ్నపత్రాలు లోపల, మేమంతా బయట. డ్రిల్లు మాస్టారు గోడకు కాలు తన్నిపెట్టి లాగితే పిడి ఊడి ఆయన చేతికొచ్చింది. సుబ్బారెడ్డి సార్ చేతులు కట్టుకుని చూస్తూ, "నీ బీరువా పేపరు లీకు కానియ్యదప్పా రత్నం. పిల్లోళ్లకూ ఇయ్యదు, మనకూ ఇయ్యదు" అన్నారు. చివరికి ఉలితో అంచు చెక్కి తీశాను.

సాయంత్రం నన్ను గదిలోకి పిలిచారు. తిడతారని తలవంచుకుని నిలబడ్డాను. ఆయన తిట్టలేదు. "ఎండాకాలంలో చేసేటోడు వానాకాలం గురించి ఆలోచించల్లప్పా. పో, దాన్ని బాగు చెయ్యి" అన్నారు. నా ఉద్యోగంలో పై అధికారులు చెప్పిన మాటల్లో పనికొచ్చింది ఇదొక్కటే. ఆ రోజుతో చెక్క సంగతి నాకు పూర్తిగా తెలిసిపోయిందనుకున్నాను. దారం కూడా ఆ జాతిదేనని అప్పటికి తెలియదు.

కరుణమ్మ టీచర్ అడిగిన ఓడ

డెబ్బైల చివర్లో ఒక ఆదివారం, మా చర్చి గుడిలో ఆరాధన అయ్యాక, కరుణమ్మ టీచర్ మా ఇంటికి వచ్చారు. ఆమె బాలికల బడిలో లెక్కలు చెప్పి రిటైరైన మనిషి. ఎప్పుడో వయసులో కోస్తాలోని కోరంగి వైపు నుంచి ఉద్యోగానికి వచ్చి, పెళ్లి చేసుకోకుండా, నంద్యాలలోనే ఉండిపోయారు. అన్నేళ్లున్నా ఆమె మాటకు మా నల్లరేగడి మట్టి అంటలేదు. నా భార్యను "సలోమిగారూ" అని పిలిచేవారు. దొర్నిపాడు పొలాల్లో కూలికి పోయి పెరిగిన మా సలోమి ఆ "గారు" వినగానే, వెనక ఇంకెవరైనా ఉన్నారేమోనని తిరిగి చూసేది.

టీచర్ తన సంచిలోంచి ఒక పాత ఫోటో తీశారు. తెరచాపలు విప్పిన చెక్క ఓడ. పక్క నుంచి తీసిన ఫోటో.

"మా నాన్నగారు ఈ ఓడకు సరంగండి. నడిపించే పెద్ద. రత్నంగారూ, నాకు కళ్లలో నీటికాసులని తేల్చారు. చూపు ఇంకో ఏడాది ఉంటే ఎక్కువట. అది పోయేలోపు ఈ ఓడను ఒక్కసారి చూడాలని ఉంది. చెక్కతో చేసిపెట్టగలరా?"

"చేస్తాను టీచర్" అన్నాను.

"ఒక్క మాటండి. ఇది వెళ్తున్న ఓడ. నాకు వస్తున్న ఓడ కావాలి."

దానికీ సరేనన్నాను. నాకు ముక్క అర్థం కాలేదు. అర్థం కాలేదని చెప్పడానికి నోరు రాలేదు. క్రాఫ్ట్ మాస్టారుకు తెలియదంటే చిన్నతనమనుకునే వయసు అది.

తర్వాత ఆమె వాళ్ల నాన్న గురించి చెప్పారు. ఆమెకు పదేళ్లప్పుడు బయల్దేరిన ఓడ మళ్లీ రాలేదట. తుఫానులో మునిగిందని కొందరన్నారు. కాదు, ఆయన రంగూన్‌లో ఇంకో సంసారం పెట్టాడని కొందరన్నారు. "ఏది నిజమో ఇప్పటికీ తెలియదండి. ఏడవాలో, కోపం తెచ్చుకోవాలో తేల్చుకోకుండానే ముసలిదాన్నైపోయాను" అని నవ్వారు. అంతకుముందు ఓడ రేవుకు వచ్చినప్పుడల్లా ముందు భాగంలో నిలబడి ఆయనే తాడు విసిరేవాడట. ఒడ్డున మనుషులు ఆ తాడు పట్టి ఓడను దగ్గరికి లాగేవాళ్లు. పిల్లను కూడా వాళ్ల పక్కన నిలబెట్టి తాడు చివర చేతికిచ్చేవాళ్లు. "అంత పెద్ద ఓడను నేనే లాగుతున్నానని అనుకునేదాన్నండి" అన్నారు.

ఆమె ఇదంతా చెబుతున్నప్పుడు నేనేం చేస్తున్నానో తెలుసా? ఫోటో మీద స్కేలు పెట్టి ఓడస్తంభాల పొడవు కొలుస్తున్నాను. సగం చెవిన పడింది, సగం పడలేదు. మంచినీళ్లు తెచ్చిన సలోమి మాత్రం చెంబు పక్కన పెట్టి గడప మీద కూర్చుని మొత్తం వినింది. కొత్తగా వచ్చే మాస్టార్లకు ఇది గట్టిగా చెబుతున్నాను. పని అడగడానికి వచ్చిన మనిషి మాట్లాడుతుంటే స్కేలు కింద పెట్టండి.

ఒక పక్కే కనిపించే ఫోటో

వస్తున్న ఓడ అంటే ఏమిటి? బల్ల మీద పెట్టే బొమ్మ ఎటు పోతుంది, ఎటు నుంచి వస్తుంది? సుబ్బారెడ్డి సార్‌ను అడిగాను. "ముక్కు మనవైపు ఉంటే వస్తాండాదని, వీపు మనవైపు ఉంటే పోతాండాదని. దీనికింత ఆలోచన ఏందప్పా?" అన్నారు. నిజమే అనిపించింది. కానీ ఆమె లెక్కల టీచర్. తిప్పిపెడితే తేలిపోయే లెక్కను మనిషి అంతగా అడుగుతుందా? మళ్లీ మొదటికొచ్చాను.

పనిముట్లన్నీ ఆళ్లగడ్డలో మా నాయన కొట్టంలో ఉండేవి. శనివారం ఒంటిపూట బడి కాగానే నేనూ సలోమీ బస్సెక్కి పోయేవాళ్లం, ఆదివారం సాయంత్రానికి తిరిగి వచ్చేవాళ్లం. ఓడ పని అని చెప్పగానే మా నాయన బీడీ ఆర్పేశాడు.

"సముద్రం యాడుండాది, ఆళ్లగడ్డ యాడుండాది? ఎండాకాలం వస్తే కుందూ ఏట్లో కాలు తడవదు. ఓడ చేస్తాడంట ఓడ."

"బొమ్మే నాయనా. వచ్చే ఓడ కావాలంట."

"బండి వచ్చేదీ పోయేదీ ఎద్దుల మొగం చూసి చెప్తాం. నీ ఓడకు ఎద్దులేవిరా?"

అయినా ఆయనే బనగానపల్లె తోటలో పడిపోయిన ముసలి మామిడి మొద్దు దాచిపెట్టింది ఒకటి ఉంటే తీసిచ్చాడు. ఓడ పొట్ట దానితో చెక్కాను. స్తంభాలకు సన్నని టేకు బద్దలు. నెలన్నరలో ఆ పని అయిపోయింది, చెక్కపని కదా. నాయన కూడా పొట్ట మీద చెయ్యి రాసి, "నున్నగా వచ్చిందిలే" అన్నాడు. ఆయన దగ్గర అంతకు మించిన మెప్పు లేదు.

అసలు కష్టం తాళ్లతో మొదలైంది. ఓడస్తంభం నుంచి అంచుకు తాళ్లు, తెరచాప మూల నుంచి ఎక్కడికో తాళ్లు, ఆ తాళ్ల మీదుగా ఇంకో తాళ్లు. ఫోటోలో లెక్కబెట్టాను. ఒకసారి ఇరవై మూడు వచ్చాయి. ఇంకోసారి ఇరవై ఆరు. మూడోసారి ఇరవై రెండు. చివరికి సలోమి ఫోటో తీసుకుని కొంగుతో తుడిచింది. ఒక తాడు పోయింది. అది మసి. ఇంకొకటి ఫోటో మడత. దాన్ని నేను అప్పటికే ఓడకు కట్టించి ఉన్నాను.

అవతలి పక్క ఎలా ఉంటుందో ఫోటోలో లేదు. మా వృత్తిలో దానికి సందేహమే ఉండదు. తలుపు రెక్క కానీ బండి చక్రం కానీ, ఈ పక్క ఎలాగో ఆ పక్కా అలాగే. అలాగే కట్టేయమన్నాను. ఓడకు కూడా అదే నియమమో కాదో నాకు ఈ రోజుకీ తెలియదు.

కట్టమన్నాను అని ఎందుకంటున్నానంటే, ముడి వేసింది నేను కాదు. నా వేళ్లు ఉలికి అలవాటు పడినవి, దారం వాటి మధ్య నిలవదు. సలోమి చిన్నప్పటి నుంచి జనుము తాళ్లు పేనింది, పగ్గాలు కట్టింది, మంచాలకు నులక అల్లింది. గోనెసంచులు కుట్టే దబ్బనంతో ఆ సన్న దారాన్ని కొక్కేల్లోంచి తీసి, పళ్లతో పట్టి, కంటికి కనిపించని ముడి వేసేది. ఓడ చూడ్డానికి వచ్చిన వాళ్లతో నేను "మా ఆడమనిషి కాస్త సాయం చేస్తోంది" అనేవాణ్ణి. ఓడ మీద ఉన్న ముడి ఒక్కటి కూడా నాది కాదు. దాన్ని సాయం అంటారా?

మంచానికి తెలిసినది

నూలు దారాన్ని టీ డికాక్షన్‌లో ఉడకబెట్టి ఆరబెడితే మోకు రంగు వచ్చింది. దాన్ని గట్టిగా లాగి కట్టమన్నాను. వేలితో మీటితే మోగాలన్నాను.

"ఇంత బిగువు వద్దయ్యా" అనింది సలోమి. "నూలు ఇది. నులక మంచం వానలో తడిస్తే ఏమైతాదో చూళ్లేదా? పట్టెలు మెలి తిరగవూ?"

"మేయ్, మంచం వేరు, ఓడ వేరు. ఫోటోలో చూడు, తాళ్లు గీత గీసినట్టు ఎట్ల ఉండాయో."

నేను చెప్పినట్టే బిగించింది. తాళ్లు మోగాయి. నాకు మహా సంతోషమైంది.

తర్వాత పరీక్షల పనితో రెండు వారాలు ఆళ్లగడ్డ పోలేకపోయాను. ఆ రెండు వారాలూ ముసురు. పోయి చూస్తే ముందు స్తంభం మొదట్లో విరిగి, తెరచాపతో సహా వాలిపోయి ఉంది. నడి స్తంభం విల్లులా వంగింది. ఎవరూ ముట్టలేదు, గాలివాన లోపలికి కొట్టలేదు, పైన గుడ్డ కప్పింది కప్పినట్టే ఉంది. ముందు పిల్లిని అనుమానించాను. తర్వాత ఎలుకల్ని. ఆఖరికి మా నాయనను కూడా అడిగాను.

"నేనెందుకు ముడతారా? మధ్యాన్నం కూచోనుంటే టక్కుమనింది. చూస్తే ఇరిగి ఉండాది. నాకేం తెల్సు, ఓడలు అట్లే ఇరుగుతాయేమో అనుకుంటి."

సలోమి వంగి ఒక దారాన్ని వేలితో నొక్కింది. "చూడు, ఇనప తీగ మాదిరి అయింది" అనింది. అప్పుడు బీరువా గుర్తొచ్చింది. అదే వాన, అదే నేను, అదే తప్పు. చెక్క తేమకు ఉబ్బుతుందని తెలిసిన మొనగాడికి దారం తేమకు కుదించుకుపోతుందని తోచలేదు. తోచిన మనిషి చెబితే వినలేదు.

అప్పుడు నేనన్న మాట రాయడానికి సిగ్గుగా ఉంది, అయినా రాస్తాను. "దారం మంచిది కాదు" అన్నాను.

ఆ విరుపు వల్ల రెండు నెలలు పోయాయి. నావైతే పోయినా ఫరవాలేదు, అవి కరుణమ్మ టీచర్ కళ్లవి. అంతకుముందు గుడిలో ఆమె పాటల పుస్తకం ముఖానికి దగ్గరగా పెట్టుకుని పాడేవారు. ఆళ్లగడ్డ పోని ఒక ఆదివారం చూస్తే, పుస్తకం మూసి ఒళ్లో పెట్టుకుని పాడుతున్నారు. బయటికి వచ్చేటప్పుడు ఎదురుగా నిలబడి వందనాలు చెప్పాను. ఆమె నా భుజం పక్కకు చూస్తూ, "ఎవరండీ?" అన్నారు. ఇంటికొచ్చి అన్నం ముందు కూర్చున్నా అదే మాట వినిపించింది.

రెండోసారి తాళ్లు సలోమి తన ఇష్టప్రకారం కట్టింది. నేను కొత్త స్తంభాలు చేసిచ్చి నోరు మూసుకున్నాను. ఒక శనివారం చూస్తే కింది తెరచాప సగానికి దిగి ముడతలు పడి ఉంది.

"ఇదేంది, జారిపోయింది?"

"జారల్యా. నేనే దించినా. వచ్చే ఓడ కావాలనలేదా ఆయమ్మ? ఇంటికొచ్చిన బండి మోకులు బిగిస్తారా, వదులు చేస్తారా?"

సుబ్బారెడ్డి సార్‌కు తట్టనిది, మా నాయనకు తట్టనిది, నాకు నాలుగు నెలలుగా తట్టనిది ఆమెకు తట్టింది. అప్పుడు కూడా నేను మెచ్చుకోలేదు. జెండా మాత్రం నేనే పెడతానన్నాను. నాకంటూ ఏదో ఒకటి మిగలాలి కదా.

జెండా తగవు

పల్చటి గుడ్డను గంజిలో ముంచి, అలలు అలలుగా వంచి ఆరబెట్టి, నడి స్తంభం కొసకు కట్టాను. వెనక్కి ఎగురుతున్నట్టు. నాయకుల జీపుల మీద చూస్తాం కదా, అలా. చాలా అందంగా కుదిరింది.

ఓడను తీసుకుని నంద్యాల బస్సెక్కాం. సలోమి కిటికీ పక్కన కూర్చుని దాన్ని పసిబిడ్డలా ఒళ్లో పెట్టుకుంది. సిరివెళ్ల దాటాక ఉన్నట్టుండి అడిగింది.

"తెరచాపలు ముందుకు ఉబ్బినాయి. జెండా వెనక్కి పోతాండాది. గాలి యా పక్క నుంచి వస్తాంది?"

"ముందుకు పోయే దానికి జెండా వెనక్కే ఎగురుతాది. అదో చూడు" అని ఎదురుగా వస్తున్న లారీని చూపించాను. దాని నెత్తిన ఎర్రగుడ్డ వెనక్కి కొట్టుకుంటోంది.

సలోమి లారీ పోయేదాకా చూసింది. "దానికి ఇంజను ఉండాది. దీనికేముండాది?" అనింది.

ముందు సీటులో పెద్దాయన తిరిగి, "ఓడకు ఇంజను ఉంటాదిలేమ్మా, లోపల" అన్నాడు. కండక్టరు వచ్చి, నీళ్లు తోస్తే ఓడ పోతుంది, గాలికి దానికి సంబంధం లేదన్నాడు. వెనక నుంచి ఒకాయన సముద్రంలో గాలి గుండ్రంగా తిరుగుతుందని, కాబట్టి జెండా ఎటున్నా తప్పు లేదని తీర్పు చెప్పాడు. పావుగంట బస్సు బస్సంతా మాట్లాడింది. అందులో సముద్రం చూసినవాడు ఒక్కడూ లేడు. వింటున్నకొద్దీ నాకు ముందు వెనక కూడా మరిచిపోయేలా అయింది.

సలోమి గొంతు తగ్గించి నాకు మాత్రమే వినిపించేలా చెప్పింది. "కళ్లంలో తూర్పార పడతాం కదా. గాలి ఒక్కటే. పొట్టు ఒకపక్కకు, దుమ్ము ఇంకోపక్కకు పోదు. దీన్ని తోసేది గాలే అయితే, ఆ గాలి జెండానూ అదే పక్కకు తోయాల. ఆయమ్మ కండ్లతో చూళ్లేదేమో కానీ, చేత్తో చూస్తాది. చిన్నప్పుడు ఓడల కాడ పెరిగిన మనిషి."

నంద్యాల బస్టాండులో దిగి బెంచీ మీద కూర్చున్నాం. సోడా అంగడిలో బ్లేడు అడిగి తెచ్చి, జెండా ముడి కోసి, ముందుకు ఎగిరేలా తిప్పి కట్టమన్నాను. కట్టింది. చూస్తే ముఖం మీద జుట్టు పడిన మనిషిలా అనిపించింది. నాకు ఇంపుగా లేదు. కానీ వాదించే ఓపిక కూడా లేదు.

అప్పుడు చూశాను, ఓడ ముక్కు నుంచి ఒక దారం వేలాడుతోంది. మిగతా వాటన్నిటికంటే పొడుగు. దేనికీ కట్టలేదు.

"ఇది కట్టేది మర్చిపోయినావే" అని బ్లేడు దగ్గర పెట్టాను.

సలోమి నా మణికట్టు పట్టుకుంది. పొలం పని చేసిన చెయ్యి, నొప్పి పుట్టింది. "దాని జోలికి పోవాకు."

"ఏందది?"

"ఉండనీ."

కాపురానికి వచ్చిన ఇన్నేళ్లలో ఆమె నాతో అలా అనడం అదే మొదలు. ఎందుకో అర్థం కాకుండానే బ్లేడు తిరిగి ఇచ్చేసి వచ్చాను.

తాడు కొస

కరుణమ్మ టీచర్ ఇంట్లో కిటికీ పక్కన ఒక నున్నటి బల్ల ఉంది. ఓడను దాని మీద పెట్టాం. అప్పటికి ఆమెకు వెలుగు, చీకటి తప్ప తెలియడం లేదు. కుర్చీలో కూర్చుని ముఖం ఓడ వైపు తిప్పారు, కానీ చూపు గోడ మీద ఉంది. "చూస్తానన్నాను కదండీ" అని నవ్వబోయి ఆగిపోయారు. ఆ బీరువా ముందు నిలబడినప్పుడు కూడా నాకంత తలవంపు అనిపించలేదు.

నేను గబగబా చెప్పడం మొదలుపెట్టాను. ముక్కు మీవైపు పెట్టాం, అందుకని వస్తున్నట్టు అని. ఆమె వినిపించుకోలేదు. వేళ్లతో పొట్ట తడిమారు. స్తంభాలు తడిమారు. కింది తెరచాప ముడతల దగ్గర వేళ్లు ఆగాయి. "దించుతున్నారు" అన్నారు. పైకి పోయి జెండా పట్టుకుని చూశారు. "గాలి వెనక నుంచి ఉంది. మంచిదండి, తొందరగా వస్తారు" అన్నారు. నేను సలోమి వైపు చూడలేదు.

తర్వాత ఆమె చెయ్యి ముక్కు దగ్గరికి వచ్చింది. ఆ వేలాడే దారం తగిలింది.

"అది కొంచెం మిగిలిపోయిందండి" అన్నాను.

ఆమె దారం వెంబడి నెమ్మదిగా వేళ్లు జార్చుకుంటూ చివరి దాకా పోయారు. చివర్లో చిన్న ముడి ఉంది. చిన్నపిల్ల చేతిలోంచి జారిపోకుండా పగ్గం కొసకు వేసే ముడి. ఆమె దాన్ని రెండు వేళ్ల మధ్య పట్టుకున్నారు. అప్పుడు మెల్లిగా లాగారు.

నున్నటి బల్ల కదా, ఓడ జరిగింది. బెత్తెడు దూరం, ఆమె వైపు.

ఆమె పకపకా నవ్వారు. అరవై దాటిన లెక్కల టీచర్ పదేళ్ల పిల్లలా నవ్వడం విన్నాను. మళ్లీ లాగారు. మళ్లీ వచ్చింది. నవ్వుతూనే కళ్లు తుడుచుకున్నారు. వస్తున్న ఓడ అంటే ఏమిటో నాకు అప్పుడు అర్థమైంది. మొదటి రోజు గడప మీద కూర్చుని విన్న మనిషికి ఆ రోజే అర్థమైంది.

"ఈ తాడు ఎవరు పెట్టారండి?"

"సలోమి."

"మీరు చెప్పి పెట్టించారా?"

నోటి దాకా వచ్చిన మాట ఒకటుంది. మింగేశాను. "లేదు టీచర్. నేను కోసెయ్యబోయాను" అన్నాను.

ఆమె చెయ్యి చాపి, "సలోమిగారూ" అన్నారు. మా సలోమి ఈసారి వెనక్కి తిరిగి చూడలేదు. పోయి ఆ చెయ్యి పట్టుకుంది.

తర్వాత టీచర్ బంధువు ఒకాయన కోస్తా నుంచి వచ్చి ఓడ చూసి, తాళ్లలో పదకొండు తప్పులు లెక్కపెట్టాడు. జెండా మాత్రం సరిగ్గానే ఉందన్నాడు. సరిచేయమంటారా అని అడిగితే టీచర్ వద్దన్నారు. ఫోటోలో కనిపించని ఆ అవతలి పక్క తాళ్లు ఎలా ఉండాలో ఆయన చెప్పినా నాకు తలకెక్కలేదు. వాళ్ల నాన్న మునిగిపోయాడో, రంగూన్‌లో ఉండిపోయాడో కూడా ఎవరికీ తేలలేదు. నాకు మాత్రం ఒకటి తేలింది. ఆ తర్వాత బడిలో ఏ వస్తువు చేసినా అందులో ఇంకొకరి చెయ్యి ఉంటే వాళ్ల పేరు ముందు చెప్పాను. మీరూ చెప్పండి.

టీచర్ ఆ తర్వాత ఏడెనిమిదేళ్లు బతికారు. రోజూ పొద్దున ఆమె కుర్చీలో కూర్చుని తాడు లాగేవారు, ఓడ బల్ల ఇవతలి అంచుకు వచ్చేది. సాయంత్రం పనిమనిషి ఊడ్చేటప్పుడు దాన్ని మళ్లీ గోడ దాకా నెట్టేది. మరుసటి రోజు మళ్లీ లాగేవారు. తాడు అరిగి తెగితే సలోమి పోయి కొత్తది కట్టి వచ్చేది.

ఆఖరి వారంలో నేనూ సలోమీ చూడ్డానికి వెళ్లాం. టీచర్ మంచం మీద ఉన్నారు. మంచం పక్కకు బల్ల జరిపి పెట్టారు. ఓడ అంచున, ఆమె చేతికి ఆనుకుని ఉంది. సాయంత్రమైంది కదా, వెనక్కి జరపలేదేమని పనిమనిషిని అడిగాను.

"వద్దనిందప్పా టీచరమ్మ" అనింది ఆమె. "ఇంక నెట్టాకు, వచ్చేసినాడు అనింది."